హీరోగారి పాపిట

విగ్గు కోసం వలలాంటి నెట్టుగుడ్డ మీద ఒక్కో వెంట్రుకా ముడి వేసుకుంటూ వెంకటనర్సయ్య తల ఎత్తలేదు. వెబ్‌సైట్లు చేసే ప్రణతి మళ్లీ అడిగింది.

"మీ విగ్గులు ఎవరెవరు పెట్టుకున్నారో ఆ ఫోటోలు కావాలి సార్. ఒక్క పేజీ అయినా సాయంత్రానికి పెట్టేస్తాను."

అసలు తంటా అక్కడే ఉంది. ఇరవై ఆరేళ్లుగా కృష్ణానగర్‌లోని ఈ ఒంటిగదిలో ఆయన చేసిందంతా ఎవరికీ తెలియకూడని పని. విగ్గని జనం పసిగట్టారంటే పని చెడినట్టే. సూది పట్టీ పట్టీ చూపుడువేలు వంకరపోయింది, మెడ పూర్తిగా నిలబడదు. ఇప్పుడేమో పౌరాణిక సీరియల్‌కు అరవై విగ్గులు కావాలంటూనే, ఇవాళ వెబ్‌సైట్ లింకు పంపితేనే ఆర్డరన్నాడు ఆ సీరియల్ మేనేజరు. అది రాకపోతే తనకూ, పదిహేడేళ్లుగా ఎదురుబల్ల దగ్గర ముడులు వేస్తున్న అరుణజ్యోతికీ పని లేనట్టే.

ప్రణతి యూసుఫ్‌గూడలోని కొత్త షాపు వెబ్‌సైట్ చూపించింది. పేజీ నిండా ఓ పెద్ద హీరో ఫోటో. కింద 'హెయిర్ స్టైలింగ్ మాదే' అని ఉంది.

వెంకటనర్సయ్యకు ఒళ్లు మండిపోయింది. ఆ పాపిట తనది! నిజం జుట్టులా కాస్త పలచగా కనబడాలని మూడు రోజులు కూర్చుని తీసిన పాపిట.

"గా పాపిట నా పని బిడ్డా! గాళ్లెట్ల పెట్టుకుంటరు?"

"మనమూ పెడదాం సార్."

"నాది విగ్గుల దుకాణం. గీడ ఆ మొహం పెడితే చిన్నపిల్లకైనా సమజైతది. ఎవ్వరికీ చెప్పనని ఆ హీరో సారుకు మాటిచ్చిన."

"మొహాలు లేకపోతే ఎవరూ నమ్మరు సార్. పనికిరాని దానికి మీ దగ్గర ఫీజు తీసుకోలేను," అని ఆ పిల్ల లాప్‌టాప్ మూసి వెళ్లిపోయింది. నిజం చెప్పినందుకు ఆమె మీదే కోపమొచ్చింది ఆయనకు.

మేనేజరుకు ఫోన్ చేశాడు. "ఒక్కపారి వచ్చి నా విగ్గు చేత్తోని పట్టి చూడున్రి సార్."

"అంత టైమ్ ఎక్కడుందండీ? లింకు లేకపోతే వదిలేయండి." ఫోన్ పెట్టేశాడు.

అంతా వింటున్న అరుణజ్యోతి చేతిలోని వరస పూర్తిచేసి లేచింది.

"అన్నా, ఆ యూసుఫ్‌గూడ షాపోళ్లు రమ్మంటున్నరు. నువ్వు బాధపడతవని ఇన్నొద్దులు చెప్పలే. రేపట్సంది పోత."

ఆయనకు అరవాలనిపించింది. ఫోన్ బల్ల మీద పెట్టాడు.

"పో అమ్మా," అన్నాడు చివరికి. "గాళ్లకు పాపిట తియ్యరాదు. జర నువ్వే చూసుకో."

ఆమె కళ్లు తుడుచుకుని, చెప్పులేసుకుని మెట్లు దిగింది. ఎదురుబల్ల దగ్గరి కుర్చీలో, పాత చీర మడతపెట్టి ఆమె కుట్టుకున్న మెత్త, నడుమ గుంటపడి, అలాగే ఉంది.