బండ దగ్గరి మాటలు

సముద్రపు పిట్టల రెట్ట ఎండిపోతే గీకినా పోదు, ముందు నాననివ్వాలి. చిన్నకోడలు నారింజ రంగు బల్ల మీద చెంబెడు నీళ్ళు పోసి, అది నానేలోగా పక్కనున్న ఊదారంగు బల్లను పీచుతో రుద్దుతోంది. దీవి రేవు పక్కన గుండ్రంగా వేసిన బల్లలవి. పాత పడవల చెక్కలు కోసి, ఒక్కోదానికి ఒక్కో రంగు పూశారు. మధ్యలో గుంజకు ‘మన వలయం’ అని పలక కొట్టారు. పిట్టలు తప్ప అందులో కూర్చునే ప్రాణి లేదు. ఊరి సమావేశ మందిరం ఊడ్చే మనిషి కాబట్టి పిట్టల వెనక కడగడం కూడా ఆమె పనే అయింది.

ఆమెకు అరవై దాటాయి. అత్త పోయి ఎంతో కాలమైనా, ఆ ఇంటి పెద్దకోడలు, చిన్నకోడలు అన్న పేర్లు మాత్రం తోడికోడళ్ళిద్దరికీ అలాగే అంటుకుని ఉండిపోయాయి. పొట్టి మనిషి, నడుం కాస్త ముందుకు వంగింది. చేప ముళ్ళు గుచ్చుకుని గుచ్చుకుని వేళ్ళ చివర్లు కాయలు కాశాయి. మరుగుదొడ్లలో పోసే మందునీళ్ళకు ఆ కాయలు ఇప్పుడు తెల్లగా ఉబ్బి పొరలు లేస్తున్నాయి. ఆ చేతుల్ని చూసుకుంటే ఆమెకే రోత.

ఈ వలయం ఉన్నచోట నిరుడు దాకా చేపల బండ ఉండేది. పొడవాటి నల్లరాతి బండ. పడవలు రాగానే ఆడవాళ్ళంతా దాని వెంట వరసగా కూర్చుని చేపలు కోసేవారు. పేగులు, నెత్తురు, ఈగలు, పిల్లులు. కొత్తవాళ్ళెవరైనా ముక్కు మూసుకుని పరుగెత్తాల్సిందే. అయినా దీవిలో ఎవరికి పెళ్ళి కుదిరినా, ఎవరి కాలు విరిగినా, ఆ కబురు ముందు బండ దగ్గరికే వచ్చేది.

తోడికోడళ్ళిద్దరూ అక్కడ పక్కపక్కనే కూర్చునేవారు గాని, ఒకరి గడప ఒకరు తొక్కేవారు కాదు. చిన్నకోడలి మొగుడు మంచాన పడి ఒళ్ళంతా పుండ్లు పట్టినప్పుడు, పెద్దకోడలు చూడడానికి వచ్చి, గుమ్మంలోనే ఆగి ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంది. బతుకంతా చేప పేగుల్లో చేతులు పెట్టిన మనిషి సొంత మరిది దగ్గర ముక్కు మూసుకుంది!

“అంత రోతైతే నా గడప తొక్కకు,” అంది చిన్నకోడలు.

“తొక్కితే ఒట్టు. ఇక నువ్వే ముందు నా ఇంటికి రావాలి,” అని వెనక్కి తిరిగింది పెద్దకోడలు.

బండ మాత్రం ఎవరి ఇల్లూ కాదు. అక్కడ మాట్లాడితే ఎవరూ ఓడిపోయినట్టు కాదు. అలాగని నేరుగా మాట్లాడితే పంతం ఏం కాను? అందుకని మధ్యలో పిల్లిని పెట్టుకున్నారు.

“ఏమే పిల్లీ, కొందరికి మోకాలి నొప్పి తగ్గిందా?” అని పెద్దకోడలు ఓ చేప తల దానికి పడేసేది.

“తగ్గక ఏం చేస్తుందే పిల్లీ, అడిగే దిక్కెవరున్నారు?” అని చిన్నకోడలు ఇటునుంచి ఇంకో తల విసిరేది.

పిల్లికి రెండు వైపులా మేతే. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మూతులు బిగించి నవ్వుకునేవారు. మొగుడు పోయిన ఏడాది చిన్నకోడలు అన్నం మానేస్తే, తిని చావమని పెద్దకోడలి నోట పిల్లికి గట్టిగా చీవాట్లు పడ్డాయి. ఆ రోజు ఇంటికి పోయి ఆమె నిజంగానే తింది.

ఇంతలో విశ్వవిద్యాలయం నుంచి బొమ్మలు వేసే పిల్లలు పడవ దిగారు. దీవి మనుషుల్ని కలపడానికి వచ్చామన్నారు. తాము విడిపోయామన్న సంగతి దీవిలో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. గోడల నిండా నవ్వే చేపల్ని వేశారు. అందర్నీ మందిరంలో కూర్చోబెట్టి, మీకు ఇక్కడ నచ్చనిదేమిటి అని అడిగితే, బండ కంపు అని ఎవరో అన్నారు. కంపుకు నాలుగు బిందెల నీళ్ళు చాలు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చినట్టు, బండ తీసేసి అందరూ కూర్చునే చోటు కడదామన్నారు పిల్లలు.

పెద్దకోడలు లేచింది. “బండ ఉండనివ్వండి బాబూ. దాని జోలికి పోకండి,” అంది.

చిన్నకోడలి మనసులోనూ అదే మాట. కాని నలుగురిలో ఆమె పక్షాన నిలబడితే లొంగిపోయినట్టే కదా. తీసేయాలన్నవాళ్ళు చెయ్యెత్తమంటే చెయ్యెత్తింది. ఆమెను చూసి ఇంకొందరు ఎత్తారు. పెద్దకోడలు ఒక్కసారి ఇటు చూసి కూర్చుంది. ఆ చూపు గుర్తొచ్చినప్పుడల్లా చిన్నకోడలికి తన మీద తనకే అసహ్యం పుట్టుకొస్తుంది.

బండ పోయాక ఎవరి చేపలు వాళ్ళ పెరట్లోనే కోసుకుంటున్నారు. పిల్లులు ఎటో పోయాయి. రంగు బల్లల మీద ఎదురెదురుగా, చేతిలో పని లేకుండా, మనిషి మొహంలోకి చూస్తూ ఏం మాట్లాడతారు? తోడికోడళ్ళ మధ్య ఆ పిల్లి మాటలు కూడా ఆగిపోయాయి.

ఆమె రెట్ట గీకుతుండగా పడవ నడిపేవాడు వచ్చి నిలబడ్డాడు. పెద్దకోడలికి సొంత మేనల్లుడు.

“చిన్నత్తా, అత్తకు అస్సలు బాగాలేదు. రాత్రంతా ఊపిరాడలేదు. మధ్యాహ్నం అవతలి ఒడ్డున ఆసుపత్రికి తీసుకుపోతున్నా. ఓసారి చూసి రారాదూ?”

“రమ్మందా?”

“రమ్మనే ఓపిక ఎక్కడుంది మనిషికి?”

“ఓపిక లేకపోయినా పంతం ఉంటుందిలే.”

అన్నాక నోరు చేదయింది. పడవవాడు పడవ వైపు వెళ్ళిపోయాడు.

పని కాగానే వెళ్దామనుకుంది. మరుగుదొడ్లు కడిగింది, మందిరం ఊడ్చింది, అక్కర్లేకపోయినా కిటికీలు కూడా తుడిచింది. ఇవాళ ప్రొఫెసరమ్మ వస్తోంది. దీవి మనుషులు ఎంత బాగా కలిసిపోయారో చూసి పిల్లలకు మార్కులు వేస్తుందట. పిల్లలు అటూ ఇటూ పరుగెడుతున్నారు. చిన్నకోడలు చేతులు కడుక్కుని ఎవరికీ చెప్పకుండా పెద్దకోడలి ఇంటి సందులోకి తిరిగింది. మలుపు దాకా వెళ్ళింది. నీలం తలుపు కనిపించింది. ఏమని లోపలికి వెళ్ళాలి? చెయ్యెత్తినందుకు ఏం చెప్పాలి?

“ఆంటీ!” అని వెనకనుంచి ఆ బొమ్మల పిల్లల్లో ఒకతె, కళ్ళజోడు పిల్ల, రొప్పుతూ వచ్చింది. “మేడమ్ వచ్చేశారు. మీరు లేకపోతే మీ బల్ల ఖాళీగా కనిపిస్తుంది ఆంటీ. కాసేపే, ప్లీజ్!”

ఆ పిలుపుకు చిన్నకోడలి కాళ్ళు తేలికపడ్డాయి. వెళ్ళకపోవడానికి ఒక సాకు దొరికింది. ఛీ, ఇదేం బుద్ధి అనుకుంటూనే వెనక్కి తిరిగింది.

వలయంలో జనాన్ని సర్ది కూర్చోబెట్టారు. ఆమెకు నారింజ బల్ల. కుడిపక్క పచ్చ బల్ల ఖాళీ. ఎర్రదారం ఉండ చేతులు మారుతూ వస్తోంది. అది పట్టుకున్నవాళ్ళు తమ పక్కనున్న మనిషి గురించి ఒక మంచి మాట చెప్పాలట. రొట్టెలు కాల్చే ముసలాయన, “వీడు గురక పెడితే మా ఇంట్లో ఎలకలు రావు,” అంటే అందరూ నవ్వారు. ప్రొఫెసరమ్మ కూడా నవ్వి ఏదో రాసుకుంది. దారం చిన్నకోడలి చేతికొచ్చింది. ఎందరి చెమటో పట్టి తడితడిగా ఉంది.

“నా పక్కన ఎవరూ లేరు,” అంది.

“ఉండి ఉంటే ఎవరుండేవారు ఆంటీ?” అంది కళ్ళజోడు పిల్ల, మెత్తగా.

చిన్నకోడలి గొంతులోకి అక్క అన్న మాట వచ్చింది. అప్పుడే పడవవాడు వచ్చి బల్లల బయట ఆగాడు. టోపీ చేతిలో ఉంది.

“ఇక పడవ అక్కర్లేదు చిన్నత్తా,” అన్నాడు.

కళ్ళజోడు పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైనదే, అందుకే చిన్నకోడలికి ఇంకా వెగటు పుట్టింది. ఆమె లేచి నడిచింది. వేలికి చుట్టుకున్న దారం వెంటే వస్తుంటే తెంపి పారేసింది.

నీలం తలుపు తీసే ఉంది. గడప దాటింది. లోపల మందుల వాసన, దాని కింద మనిషి వాసన. ముక్కుకు ఏదీ అడ్డం పెట్టుకోలేదు. అది చూడాల్సిన మనిషి కళ్ళు మూసి ఉన్నాయి.

“అక్కా,” అంది. మధ్యలో ఏ పిల్లీ లేకుండా పిలిచి ఎన్నేళ్ళయిందో.

బావగారు మంచం కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. “మొహం తుడవాలమ్మా. నీళ్ళు పెరట్లో ఉన్నాయి,” అన్నాడు.

గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. నీళ్ళ తొట్టి పక్కన, ఇటుకల మీద, పగలగొట్టిన చేపల బండలో ఒక ముక్క. దాని ముందు ఒక పీట, కూర్చుని కూర్చుని నల్లబడి, చేప పొలుసులు ఎండి అంటుకుని ఉంది. పక్కనే ఇంకో పీట.

బావగారు గుమ్మం దాకా వచ్చాడు. “ఆ రెండోదాని మీద ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు. నన్ను కూడా,” అన్నాడు.

పెద్దకోడలు ఆ పీటను బండకు దగ్గరగా, మొదటి పీటకు మోచెయ్యి తగిలేంత పక్కగా వేసి ఉంచింది. దాని మీద పొలుసు ఒక్కటీ లేదు.