పన్నెండో పీపా

పాతిపెట్టాల్సిన విషం పీపాలు పన్నెండు; షెడ్డులో పదకొండే ఉన్నాయి.

రెంటచింతల పొలిమేరలో మూతబడ్డ పురుగుమందుల ఫ్యాక్టరీని శుభ్రం చేయించడానికి సత్తెనపల్లి నుంచి వచ్చిన సూపర్‌వైజర్ దేవానందం. రాతినేలలో గొయ్యి తవ్వించి సిమెంటు పూయించాడు. తెల్లపొడి పీపాలు అందులో దించి మూసేస్తే పని అయిపోయేది. అంతలో ఒకటి మాయం.

తెల్లవారితే సమాధుల పండుగ. ఊరు ఊరంతా సమాధుల మీద బొరుగులు, బెల్లం పెట్టి పిల్లలకు పంచుతుంది. ఆ పొడి వాటిలో చిటికెడు కలిసినా ఎన్ని ప్రాణాలు పోతాయో.

గేటు లోపలికి పురుగు కూడా రాలేదని వాచ్‌మన్ అంతోని ప్రమాణం చేశాడు. దేవానందం అతన్నే వెంటబెట్టుకుని మధ్యాహ్నం దాకా బావులు, కొట్లు, వంటిళ్ళు గాలించాడు. ఎక్కడా లేదు. చివరికి శ్మశానానికి వెళ్ళారు.

ఆడవాళ్ళు సమాధులు కడుగుతున్నారు. కొయ్య సిలువలన్నీ మొదళ్ళ దగ్గర చెదలు పట్టి ఒరిగిపోయాయి. ఒక్కటి మాత్రం నిటారుగా ఉంది. దాని చుట్టూ తెల్లటి గీత, గీత పక్కన చచ్చిన చీమల కుప్ప. అది అంతోని భార్య గ్రేసమ్మ సమాధి.

అక్కడున్న ఆమె చెల్లెలు ప్రేమమ్మ నవ్వింది. “ఏంది బావా, మా అక్క దగ్గరికి చీమలు కూడా రావట్లా? బతికున్నప్పుడూ అంతేగా, ఎవుర్నీ రానిచ్చేది కాదు.”

అంతోని నవ్వలేదు. దేవానందం ఆడవాళ్ళను దూరంగా పంపి, కూలీలను పిలిపించి సమాధి పక్కన మెత్తగా ఉన్న మట్టిని తవ్వించాడు. మూరెడు లోతులో పీపా దొరికింది. మూత బిగించే ఉంది. తూకం వేస్తే దోసెడు పొడి మాత్రమే తగ్గింది. తెల్లబడ్డ మట్టినంతా గీకించి, పీపాతో పాటు ఫ్యాక్టరీ గోతికి పంపించాడు. ఈ ఏడాది బొరుగులు చర్చి వసారాలో పంచమని ఆడవాళ్ళకు చెప్పాడు. అప్పుడు గానీ గుండె కుదుటపడలేదు.

తర్వాత అంతోని వైపు తిరిగాడు. అడగక ముందే అంతోని నోరు విప్పాడు.

“నేనే తీశానయ్యా. రెండేళ్ళలో రెండు సిలువలు చెదలు తినేసినయ్. రాతి సిలువ నా వల్ల కాదు. దోసెడు చాలనుకున్నా. సీలు ఊడింది, మళ్ళీ ఏయటం చాతగాలా. సీలు చూస్తే మీకు దొరికిపోతానని, ఒకటి తగ్గినా లెక్క చూడరనుకుని బండి మీద తెచ్చి ఈడ పూడ్చా. బొరుగుల సంగతి నాకు తట్టనేలేదు. పొద్దున మీరు చెప్పినప్పటి నుంచి అదే భయం. నోరు రాక, మీరే కనిపెడితే బాగుండని మీ ఎనకాలే తిరిగా. పిల్లలకేం కాలేదు, అది చాలు. ఇంక నన్నేం చేసినా సరేనయ్యా.”