ముందు వరస, వెనక వరస

నేను ఒక పనస చెక్కని. బొబ్బిలి దగ్గర వీణలు చేసే ఆసామి, దుంగ తొలిచాక మిగిలిన ముక్కకు పన్నెండు కన్నాలు పెట్టి రక్తపరీక్షల వరహాలరావుకి ఇచ్చాడు. నా తోటి చెక్క కచేరీలకు వెళ్లింది. నేను గాజు గొట్టాలు నిలబెట్టే స్టాండునై ల్యాబుకి వచ్చాను. వీణ కాలేదన్న బెంగ మొదట్లో ఉండేది. తర్వాత బెంగపడే తీరిక దొరకలేదు.

ముందు ఆరు కన్నాల్లో ఉత్త గొట్టాలు. వాటిలో రక్తం అరగంటలో గడ్డకట్టేది. గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి తీస్తే గడ్డ అడుక్కి దిగి, పైన లేతపసుపు నీరు తేలేది. అది సీరం. వెనక ఆరింటిలో గడ్డకట్టనివ్వని మందు వేసిన గొట్టాలు. వాటిని తిప్పితే పైన తేలేది ప్లాస్మా. చూపుకి రెండూ కవలలే. కాని గడ్డకట్టించే సరుకు ప్లాస్మాలో భద్రంగా ఉంటుంది. సీరంలో అది అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది.

వరహాలరావు గొట్టం మీద రోగి పేరు రాసేవాడు గాని, ఏ రకమో రాసేవాడు కాదు. "మా స్టాండుకి తెలుసులే" అనేవాడు. నోరు లేనివాళ్లను మనుషులు భలే నమ్ముతారు.

ఒక గురువారం మధ్యాహ్నం అప్పన్న పరుగున వచ్చాడు. ఎదురాసుపత్రిలో ఉన్న అతని భార్య పోలమ్మకి అపెండిక్స్ పగలడానికి సిద్ధంగా ఉంది. పైగా నెల కిందటే కామెర్లు. అవి ఎంత మిగిలాయో సీరంలో చూడాలి. కామెర్లొస్తే రక్తం సరిగా గడ్డకట్టకపోవచ్చు గనక, కడుతుందో లేదో ప్లాస్మాలో చూడాలి. కట్టదంటే డాక్టరు కత్తి పట్టడు.

పోలమ్మ రక్తం తెచ్చి, యంత్రంలో తిప్పిన గొట్టాలు రెండూ నాలో ముందొకటి, వెనకొకటి పెట్టి వరహాలరావు ఫోను దగ్గరకు వెళ్లాడు. ల్యాబు ఊడ్చే సూరీడమ్మ నన్నెత్తి, బల్ల తుడిచి, మళ్లీ పెట్టింది. తిప్పి పెట్టింది! నా ముందు వెనకైంది. అరుద్దామంటే నోరేదీ?

అతను వచ్చి వెనక వరస నీరు తీశాడు. గడ్డకట్టించే మందు చుక్క కలిపాడు. వాచీ నొక్కాడు. పదమూడు సెకన్లకు అటూ ఇటూగా కట్టాలి. ముప్పై. అరవై. నీరు నీరుగానే ఉంది. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే.

ఫోనులో డాక్టరు: "ఏవండీ రావుగారూ, మీ వాచీ నిద్రపోయిందా? కొయ్యనా, విశాఖ పంపనా?"

"ఏటి బాబూ? ఏటైంది?" అప్పన్న గుమ్మం దాటి లోపలికొచ్చేశాడు. "ఇశాఖ దాకా ఆగదు బాబూ మనిసి."

విశాఖ అనడానికి వరహాలరావు నోరు తెరిచాడు. చెయ్యి బల్లకి తగిలింది. తడి!

"సూరీడమ్మా! దీన్ని కదిపేవా?"

"సీమలెక్కేత్తన్నాయి బాబూ, తుడిసేను. తుడిస్తే తప్పు, తుడవకపోతే తప్పు!"

అతను రెండు గొట్టాలూ తీసి వంచాడు. వెనక వరసదాని అడుగున ఎరుపు జున్నుముక్కలా కదలకుండా ఉంది. ముందుదానిలో ఎరుపు మెల్లగా జారింది. అంతసేపూ పరీక్ష చేసింది సీరాన్ని!

అసలు ప్లాస్మా తీశాడు. చుక్క. వాచీ. పది... పన్నెండు... పద్నాలుగు. సన్నని దారంలా కట్టింది.

"కొయ్యండి డాక్టరుగారూ!"

పోలమ్మ వారంలో ఇంటికి వెళ్లింది. వరహాలరావు ఆ సాయంత్రమే నా ముందంచున ఇత్తడి మేకు కొట్టి, "ఇది ఎప్పుడూ నావైపే ఉండాలి" అని సూరీడమ్మకు చూపించాడు. నాకు నొప్పేసింది. అయినా, అది దిగాకే హాయిగా నిద్రపట్టింది.

తర్వాత రంగురంగుల మూతల గొట్టాలొచ్చాయి. రకమేదో మూతే చెబుతుంది. నాతో పనిలేకపోయింది. సూరీడమ్మ అడిగి మరీ తీసుకెళ్లింది. ఇప్పుడు నాలో ఆవిడ ఇంటిల్లిపాది పళ్ల బ్రష్షులున్నాయి. బ్రష్షులకు ముందేమిటి, వెనకేమిటి? అయినా గట్టు తుడిచిన ప్రతిసారీ ఆవిడ నన్ను రెండు చేతులా దించి, మేకు తనవైపుందో లేదో తడిమి చూసుకుంటుంది.

మనవలు నవ్వుతారు. నేను నవ్వను.