మూలలు అరగలేదే, బిందూ

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: మా చెల్లి హిమబిందు తనను తాను ఏమైనా చేసుకుంటుందేమోనని.

పెందుర్తిలో హాస్టల్లో ఉంటూ ఓ ప్రైవేటు కాలేజీలో రీసెర్చ్ చేస్తోంది. ఇద్దర్నీ చదివించలేమని ఇంట్లో నన్ను తొమ్మిదితో ఆపి దాన్ని పంపారు. అది చేసే పనేమిటో నాకు మా వంటింట్లో కూర్చుని చెప్పింది. కంటికి ఆననంత చిన్న స్ఫటికాలట, నానోక్రిస్టల్స్. అవి కలిసిన ద్రావణం ఒక్క చుక్క పలక మీద వేసి, మూతపెట్టి నిదానంగా ఆరనివ్వాలట.

"మరి వాటిని వరసగా ఎవులు సర్దుతారే?"

"ఎవులూ సర్దక్కర్లేదక్కా. ఆకారాన్ని బట్టి అవే సర్దుకుంటాయి. గుండ్రంగా ఉంటే బజార్లో నిమ్మకాయల గుట్టలాగ, సందుల్లో ఒదిగి కూకుంటాయి. మూలలు తేరి పాచికల్లాగుంటే పోర్టులో కంటైనర్లలాగ పక్కకి పక్క ఆనించి నిలబడతాయి. నాను సేసినవి పాచికలే."

"మా ఇంట్లో గిన్నెలకీ ఆ బుద్ధి నేర్పవే తల్లీ!" అంటే ఎంత నవ్విందో.

మొన్న కాలేజీకి ఎవరో పెద్దలొస్తున్నారని వాళ్ల సారు భీమశంకరరావు ఆ చుక్కని వేడి పలక మీద పెట్టి గబగబా ఆరబెట్టేశాడు. ఇక వరస కట్టడానికి వాటికి టైమేదీ? మైక్రోస్కోపులో చూస్తే, బస్సొచ్చినప్పుడు గాజువాక జంక్షన్లో జనంలా ఎటు పడితే అటు ఉన్నాయట. తప్పంతా మా చెల్లిదేనని అందరి ముందూ తిట్టాడు.

"మూలలు అరిగిన సరుకు తయారుచేశావు. నీకెందుకమ్మా రీసెర్చ్? ఇంటికెళ్లి పెళ్లి చేసుకో."

ఇక ల్యాబుకి రావద్దన్నాడు.

నిన్న పొద్దున్న ఫోన్ చేసి ఇదంతా చెప్పింది. "మూలలరిగినవి ఏ వరసలోనూ ఇమడవక్కా. నానూ అంతే."

"ఏటే ఆ మాటలు! నీ మూలలకేటి కాలేదే, ఆడు ఆరబెట్టిన తీరే..." అంటుండగానే కట్టయింది. అప్పట్నుంచి స్విచాఫ్. వార్డెనుకి చేస్తే "పడుకుని ఉంటాదిలెండి" అని పెట్టేసింది.

పోదామంటే మా పాపకి ఒళ్లంతా అమ్మవారు పోసింది. మా అత్త సూర్యకాంతమ్మ గుమ్మానికి వేపమండలు కట్టి, "తల్లి ఇంట్లో ఉండగా ఒకరింటికి పోతే ఊరుకోదు" అని అడ్డంగా కూర్చుంది. మా ఆయన్నీ వెళ్లనివ్వలేదు. పోర్టులో డ్యూటీకి మాత్రం పంపింది. అక్కడికెళ్తే తల్లికి కోపం రాదట.

పాప కునుకు తీసినప్పుడల్లా, తెలిసినవాళ్లందరికీ పంపుదామని ఫోన్లో ఇది రాస్తున్నాను. పెందుర్తిలో నీలం గేటున్న లేడీస్ హాస్టల్, మేడ మీద చివరి గది. అటు వెళ్లేవాళ్లెవరైనా ఒక్కసారి తలుపు కొట్టండి. పలక్కపోతే ఇంకా గట్టిగా కొట్టండి. అక్క పంపిందని చెప్పండి.