కర్రోణ్ని కట్టేసిన రోజు

ఎస్తేరమ్మ వసారాలో కూర్చుని జొన్నరొట్టె తుంచి, సగం తాను తింటూ సగం కర్రోడి ముందు వేస్తోంది. కర్రోడంటే ఆమె నల్లకుక్క. మొగుడు పోయి తొమ్మిదేళ్లు, పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఆమె మాటకు చెవులు రిక్కించే ప్రాణి వాడొక్కడే. ఎండుచేప ముక్క దొరికిన రోజు మాత్రం సగం కాదు, మొత్తం వాడికే.

ఊరు అలంపూర్ పక్కన, తుంగభద్ర ఒడ్డున. యాభై ఐదేళ్ల మనిషి, సన్నటి ఒళ్లు, పత్తిమొగ్గల పసరుకు నల్లబడ్డ గోళ్లు. విత్తనపత్తి చేలల్లో క్రాసింగ్ పని ఆమెది. సాయంత్రం మొగ్గ ఒలవాలి, పొద్దున దానికి మగపువ్వు అద్దాలి. పదిహేనేళ్లుగా అదే.

కర్రోడితో ఒకటే తంటా, వెంటపడి వస్తాడు. మొన్న సాళ్లలో దొర్లి ఎన్ని పువ్వులు రాల్చాడో! కూలీల మేస్త్రి జములమ్మ మండిపడింది.

"కుక్కొస్తే నువ్వు రాకు అక్కా. రైతు నన్ను తిడ్తుండు."

అందుకే ఆ రోజు వాణ్ని వసారా గుంజకు కట్టేసింది. కాస్త తిరుగుతాడులే అని తాడు నాలుగు మూరలు వదిలింది. వాడు ఆమె కొంగు పట్టుకుని ఒక పట్టాన వదల్లేదు.

"ఏందిరా నీ లొల్లి? పొద్దుగూకేసరికి వస్త గద!"

అది 2009. ఆషాఢం, శ్రావణం ముఖం చాటేసిన వాన దసరా వెళ్లాక పట్టుకుంది. ఆ పూట కాస్త తెరిపినిచ్చిందని, పూలు పాడవకముందే కూలీలను పిలిచారు. ఏరు నిండిందని అందరికీ తెలుసు. ఏటా నిండేదే, బట్టలుతికే బండల దాకా వచ్చి తగ్గేదే. ఇళ్లలోకి వస్తుందని ఎవరు కలగన్నారు!

మధ్యాహ్నానికి ఊరి జనం మూటలతో చేలమీదుగా పరుగెత్తుకొచ్చారు. వీధులన్నీ నీళ్లేనన్నారు. ఎస్తేరమ్మ ఊరివైపు ఉరికింది. నడుంలోతు నీళ్లలో పొరుగింటి గోవిందు ఆమె రెక్క పట్టుకున్నాడు.

"ఇడువురా గోవిందూ! వాణ్ని కట్టేసిన!"

"నీళ్లు గుంజుకపోతయి వదినా. నిన్ను పోనియ్య."

మూడు రోజులు ఎత్తు మీది బడిలో ఉన్నారు. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక" అని ఆడవాళ్లు ఓదార్చారు. అనేవాళ్లకేం? ముడి వేసింది వాళ్లు కాదు. ఎస్తేరమ్మ అన్నం ముట్టలేదు. కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది.

నాలుగో రోజు గోవిందు ముందుగా వెళ్లొచ్చి, నేల చూస్తూ నిలబడ్డాడు.

"నేనే పూడ్చిన వదినా. నువ్వు చూడొద్దని."

"నా చేతుల్తోనే చంపుకుంటి గదరా!" అని ఎస్తేరమ్మ గుండెలు బాదుకుంది.

ఇంటి ముందు మోకాలిలోతు బురద. ఆమె కంట పడకూడదని గోవిందు తాడు కోసి పారేశాడు, గుంజ కడిగాడు. పాపం, తలుపు సంగతి అతనికి తట్టలేదు. ఎస్తేరమ్మ తాళం తీయబోయి ఆగిపోయింది. వేపచెక్క తలుపు మీద గోళ్ల గీరలు. గడప దగ్గర మొదలై, వాటిపైన మరికొన్ని, ఆ పైన ఇంకొన్ని, నీళ్లతో పాటే ఎక్కుతూ తాళం దాటి, ఆమె భుజమంత ఎత్తున, తాడు అందినంత మేరకు ఉన్నాయి.