నలభై ఒకటో పేజీ

"నాకొద్దు మే, అంగట్లో తాగతాలే" అని మా ఆయన వెంకట్రామ్ చెప్పిన పొద్దున, డికాక్షన్ దిగి, పాలు పొంగి, నేను డబరా గ్లాసుతో నిలబడి ఉన్నాను. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆయన కాఫీ వద్దన్న రోజు లేదు. జ్వరమొచ్చినా తాగాడు, వాళ్ల నాన్న పోయిన మర్నాడూ తాగాడు. బాగుందని మాత్రం ఒక్కనాడూ అనలేదు. బాగా లేకపోతే వాడే చెబుతాడు, చెప్పలేదంటే బాగున్నట్టే అనుకోవాలని మా అత్త రాజలక్ష్మి కొత్త కాపురంలోనే నేర్పింది. అలా అనుకుంటూనే ఇన్నాళ్లూ పెట్టాను.

మర్నాడు ఆయనే వంటింట్లోకి వచ్చి పాలు కాచుకున్నాడు. గిన్నె ఎక్కడుందో అడగకుండా వెతుక్కున్నాడు, అదే నాకు ముందు అనుమానం పుట్టించింది. మూడోరోజు క్యారియర్ మూత తియ్యకుండానే తిరిగొచ్చింది. మోటారు పంపుల అంగడి మూసి ఇంటికి రాగానే చేతులకు సాంబారు వాసన, అది నా సాంబారు కాదు. ఎవరో ఉందనుకున్నాను. నలభై ఐదేళ్ల మనిషికి ఇంకో ఇంట్లో వండిపెట్టే చెయ్యి దొరికినట్టుంది. చొక్కాలు ఉతికేముందు వాసన చూశాను, జేబులు తిరగేశాను. సిగ్గుగానే ఉంది, అయినా చూశాను. ఏమీ దొరకలేదు.

అత్త తీరు ఇంకా వింత. నేను వడ్డించగానే కంచం ముందు పెట్టుకొని ఆగుతుంది. "ముందు నువ్వు తిను కస్తూరీ, నేను మెల్లిగా తింటా" అంటుంది. నేను రెండు ముద్దలు మింగేదాకా నా గొంతు వైపే చూస్తుంది. అందరూ లేచాక అడుగూబొడుగూ ఊడ్చుకు తినడానికి అలవాటైనదాన్ని, ఆ ఇంట్లో మొదటిసారి వేడివేడి అన్నం తిన్నాను. అన్నం రుచిగానే ఉంది, ఎందుకు పెడుతున్నారో తెలియక సగం మింగుడుపడలేదు. బట్టలుతికే చోట అటక మీద ఉండే ఎలుకల మందు పొట్లం కూడా మాయమైంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను నవల రాస్తున్నాను. రవ్వ డబ్బా కింద పెట్టుకున్న రెండొందల పేజీల నోటుబుక్కులో, మధ్యాహ్నం గిన్నెలు కడిగాక గంటసేపు. నా పుట్టిల్లు నాయుడుపేటలాంటి చిన్న ఊళ్లో రైసుమిల్లు ఆసామి హఠాత్తుగా పోతాడు. పోలీసులకు పట్టని ఆ చావు గుట్టును ఇద్దరు ఆడవాళ్లు బయటికి లాగుతారు, రవికలు కుట్టే పచ్చయమ్మ, రిటైరైన నర్సు శారదాంబ. కథంతా చెప్పేది ఆసామి పెళ్లాం. అందరూ ముందు అనుమానించేదీ ఆమెనే. ఒకసారి మా ఆయన చూసి, "ఏం రాస్తా ఉండావు, ముగ్గులా?" అని నవ్వి టీవీ వైపు తిరిగాడు. మద్రాసు చూలైలో ఉన్న మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, ఒక్కరికీ చదవడం రాదు. నాలుగు తరాల కింద వచ్చినవాళ్లు, చదువంతా తమిళం, ఇంగ్లీషు. నా బుక్కు బల్ల మీద తెరిచి ఉన్నా బీరువాలో పెట్టి తాళం వేసినట్టేనని ధైర్యంగా ఉండేదాన్ని.

ఎలుకల మందు మాయమయ్యాక ఆ ధైర్యం మీదే అనుమానం వచ్చింది. పచ్చయమ్మ అయితే ఏం చేస్తుందో ఆలోచించి, బుక్కు అట్ట మీద ఒక ఆవగింజ పెట్టి డబ్బా పక్కకు జరిపాను. కూరగాయలకు వెళ్లొచ్చేసరికి గింజ నేల మీద ఉంది. నలభై ఒకటో పేజీ మూల మడిచి ఉంది. ఆ పేజీలో ఆసామి పెళ్లాం అంటుంది: ఆ పొద్దున ఆయనకు కాఫీ ఇచ్చింది నేనే, గ్లాసు కడిగేసిందీ నేనే, ఆయన ఇక లేవడని తెలిసినప్పుడు నాకు ఏడుపు రాలేదు.

తెలుగు చదవడం రాని ఇంట్లో చదివిందెవరు? సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి మైత్రిని ఊరికే అడిగినట్టు అడిగాను. ఫోనుతో ఫొటో తీస్తే తెలుగు తమిళంలోకి ఎలా మారుతుందో పోయినవారం నాన్న అడిగి నేర్చుకున్నాడట, అంగడిలో పంపులు కొనే ఆంధ్రా పార్టీ ఉత్తరం కోసమని చెప్పాడట. తర్వాత గొంతు తగ్గించి, "నాన్న మామకు ఫోన్ చేసినాడుమా. ఆదివారం వచ్చి నిన్ను కూట్టుకొని పొమ్మన్నాడు. కొన్నాళ్లు ఆడే ఉండనీ అన్నాడు. నువ్వేం చేసినావు?" అంది.

ఏం చేశానని చెప్పను. నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే ఆదివారం గుర్తొచ్చింది. మొగుడికి విషం పెట్టబోయిందన్న పేరుతో పుట్టింటి గడప ఎక్కితే, ఆ పేరు కడుక్కోవడానికి ఎంత నీరు సరిపోతుంది? అయినా నేనుగా నోరు విప్పలేదు. అడుగుతాడేమోనని చూశాను. గురువారం చూశాను, శుక్రవారం చూశాను, శనివారం ఆయన పక్కనే కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చూశాను. "ఇదేంది కస్తూరీ" అని ఒక్కమాట అడిగితే చెప్పేసేదాన్ని. పాపం ఎంత భయపడ్డాడో అని జాలి కూడా పడేదాన్ని. అడగలేదు.

ఆదివారం పది గంటలకు మా అన్న మోహన్‌రాజ్ దిగాడు. హాల్లో కూర్చోబెట్టి, మా ఆయన నలభై ఒకటో పేజీ ఫొటో ఉన్న ఫోను అందించాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న ఫొటోలో రెండు వరుసలు చదివి నా వైపు చూసి, బుక్కు ఏదని అడిగాడు. తెచ్చిచ్చాను. మొదటి పేజీ నుంచి నిలబడే చదివాడు. ఐదారు పేజీలయ్యాక నవ్వడం మొదలుపెట్టాడు.

"బావా, ఇది కథ. నవల రాస్తా ఉంది నా చెల్లి. బాగుంది కూడా."

"కథనా?" మా ఆయన మెడ రుద్దుకున్నాడు. "ముందే చెప్పుండకూడదా మే? సరి విడు. బావ వచ్చినాడు, అందరికీ కాఫీ పెట్టు."

అత్త కొంగు దించి, నాకు ముందే అట్ల తోచింది అంది. ముగ్గురూ తేలిగ్గా నవ్వారు. ఎవరూ నా మొహం చూడలేదు. నాకు మాత్రం ఒళ్లంతా మండిపోయింది. చేతులు అలవాటుగా వంటింటి వైపు లేవబోతే, వాటిని ఒళ్లో పెట్టుకొని ఆయన ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చున్నాను. పద్దెనిమిదేళ్లు నా చేతి కాఫీ తాగిన మనిషికి, నేను చంపగలనని నమ్మడానికి ఒక్క పేజీ చాలింది. నేను రాయగలనని నమ్మడానికి నాయుడుపేట నుంచి మా అన్న రావలసి వచ్చింది.

"మీరే పెట్టండి" అన్నాను. "వారంగా పెట్టుకుంటా ఉండారు గదా, చేతకాదనే మాట ఇంక లేదు. పొద్దుటిదీ, సాయంత్రందీ ఇకనుంచి మీదే. ఆ గంట నాకు రాసుకోవడానికి కావాలి."

అన్న కిటికీ వైపు చూశాడు. మా ఆయన లేచి వంటింట్లోకి వెళ్లాడు. గిన్నెలతో నాలుగు చప్పుళ్లు ఎక్కువే చేశాడు. గ్లాసులు తెచ్చి పెట్టి, నాది నా ముందుకు జరిపాడు. డికాక్షన్ పలచన, చక్కెర ఎక్కువ. తాగాను. బుక్కు తీసుకొని, ఆగిన చోట పెన్ను పెట్టాను.

ఆయన వెళ్లకుండా అక్కడే నిలబడ్డాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"అవునుమే, ఆసామిని ఆమేనా చంపింది?"

"నేను చెప్పను" అన్నాను. "తెలుగు నేర్చుకొని చదవండి."