గూడబాతుల ఆదివారం

ధర్మారావు నరసరావుపేటలో ముప్ఫై నాలుగేళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పి రిటైరైన మనిషి. ఇంగ్లీషు విషయంలో ఆయనకి ఎదురు చెప్పినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. అలాంటివాడు అమెరికాలో, చాండ్లర్‌లో ఉన్న కూతురింటికి వచ్చిన రెండోవారంలోనే, వీధి చివర పోస్టు డబ్బాల దగ్గర, ఒక్క ఇంగ్లీషు వాక్యానికి బోల్తాపడ్డాడు.

నిక్కరు, వెడల్పు అంచు టోపీ వేసుకున్న ఒక పొడుగాటి ముసలాయన ఎదురై, "హౌ యూ గోయింగ్, మైట్?" అన్నాడు.

ఎలా వెళ్తున్నావని అడుగుతున్నాడనుకున్నాడు ధర్మారావు. "బై వాక్" అని, ఇల్లు దగ్గరే అన్నట్టు చెయ్యి చూపించాడు.

ముసలాయన నవ్వాపుకున్నాడు. పక్కనే ఉన్న కామేశ్వరి మాత్రం ఆపుకోలేదు. "బాగున్నారా అని అడుగుతున్నాడండీ" అంది. ఆవిడ చదివింది ఎనిమిదో తరగతి. నోట్లో ఉన్న ఇంగ్లీషు ముక్కలన్నీ కలిపి రెండు పిడికిళ్ళకు మించవు.

ఆ ముసలాయన పేరు నెవిల్. ఆస్ట్రేలియాలో రైల్వేలో సిగ్నళ్ళు చూసే పని చేసి రిటైరయ్యాడు. భార్య మొరీన్ పోయి నాలుగేళ్ళయింది. ఇక్కడ కాపురముంటున్న కూతురి దగ్గర ఎండలు ముదిరేదాకా ఉండి వెళ్దామని వచ్చాడు. వీళ్ళింటికి రెండిళ్ళ అవతలే ఉంటాడు. మెడలో ఎప్పుడూ బైనాక్యులర్ వేలాడుతుంటుంది. అతనికి పిట్టల పిచ్చి.

కామేశ్వరికి కూడా ఉందని ధర్మారావుకి అప్పుడే తెలిసింది.

నిమ్మచెట్టు మీద హమ్మింగ్‌బర్డ్‌ని చూస్తూ నెవిల్ గోడ అవతల నిలబడి ఉంటే, కామేశ్వరి అతన్ని చేత్తో పిలిచి, వెనక వరండా దీపం కింద ఉన్న దాని గూడు చూపించింది. చిక్కుడుగింజంత గుడ్లు రెండున్నాయి. నెవిల్ టోపీ తీసేశాడు, గుళ్ళోకి వచ్చినట్టు. మర్నాడు బొమ్మల పుస్తకం పట్టుకొచ్చాడు. అతను ఇంగ్లీషు పేరు చెప్పడం, ఈవిడ తెలుగు పేరు చెప్పడం, ఒకరి పేరు ఒకరు పలకలేక నవ్వుకోవడం. వారం తిరిగేసరికి ఇద్దరూ పొద్దున్న ఆరున్నరకల్లా చెరువున్న పార్కుకి నడిచి వెళ్ళడం మొదలైంది.

అంతవరకూ కామేశ్వరి పొద్దుటి నడక ధర్మారావుతో. ఏడున్నరకి కాఫీ తాగి బయల్దేరేవాళ్ళు. ఆయన మాట్లాడేవాడు, ఆవిడ వినేది. నలభై మూడేళ్ళుగా అదే పద్ధతి. ఇప్పుడు ఆవిడ నడిచి వచ్చాకే ఆయన లేచేవాడు. కాఫీ ఇచ్చేది, కానీ ఇస్తూ ఇస్తూ మాట్లాడేది.

"వాళ్ళకి క్రిస్మస్ నడి ఎండాకాలంలో వస్తుందిట. రొయ్యలు పట్టుకుని సముద్రం ఒడ్డుకి పోతారుట. మొరీనమ్మా, ఆయనా పదకొండు నెలలు ఇల్లులాంటి బండి కట్టుకుని దేశమంతా చుట్టారుట. ఒకచోట నాలుగొందల మైళ్ళు ఒక్క ఇల్లు కనబడలేదుట."

"ఇదంతా నీకు ఏ భాషలో చెప్పాడు?"

"ఇంగ్లీషులోనే."

"నీకెలా అర్థమైంది?"

"చెప్పాలనుకున్నవాడు చెప్తే అర్థం కాకేం?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ధర్మారావుకి ఆ మాట ముల్లులా దిగింది. తను చెప్పినవి ఈవిడకి అర్థమయ్యాయా ఇన్నేళ్ళూ? కాలేదేమో. అసలు విన్నదా? అరవై తొమ్మిదేళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పులున్న పెళ్ళాం కోసం, నిక్కరేసుకున్న ముసలివాడితో పోటీ ఏమిటని తనని తనే కోప్పడ్డాడు. అయినా రోజూ ఆరున్నరకి తలుపు చప్పుడు కాగానే మెలకువ వచ్చేది. దుప్పటి కప్పుకుని, వాళ్ళు తిరిగి వచ్చేదాకా గడియారం చూస్తూ పడుకునేవాడు.

ఒకరోజు తనూ వెళ్ళాడు. చెరువు దగ్గర ఇద్దరూ పావుగంట మాట్లాడకుండా ఒకే రెల్లుపొద వైపు చూస్తూ నిలబడ్డారు. ధర్మారావు ఉండబట్టలేక చెరువుల మీద ఒక ఇంగ్లీషు పద్యం చదవబోయాడు. కామేశ్వరి వెనక్కి తిరిగి వేలు పెదవి మీద పెట్టింది. క్లాసులో ఎన్ని వందలమందికి తను చేసిన సైగ అది! మళ్ళీ వెళ్ళలేదు.

జనవరి ఇరవై ఆరున ఇంకో దెబ్బ తగిలింది. ఆ ఏడు అది ఆదివారం పడింది. తొమ్మిదేళ్ళ మనవరాలు అవనికి రిపబ్లిక్ డే గురించి చెబుదామని ధర్మారావు మూడు పేజీలు రాసి పెట్టుకున్నాడు. తీరా అవని షూస్ వేసుకుంటోంది.

"తాతయ్యా, నెవిల్ వాళ్ళకి కూడా ఈరోజే హాలిడే. ఆస్ట్రేలియా డే! బ్యాక్‌యార్డ్‌లో క్రికెట్ ఆడుతున్నాం. అమ్మమ్మ పులిహోర చేసింది, చూడలా?"

చూడలేదు. బేసిన్ నిండా ఉంది పులిహోర. నెవిల్ కోసం పచ్చిమిరపకాయలు తగ్గించి చేసింది. ధర్మారావుకి పచ్చిమిరపకాయలు తగ్గించమని డాక్టరు చెప్పి ఆరేళ్ళయింది.

నెవిల్ వాళ్ళ పెరట్లో చెత్తడబ్బా వికెట్టు. గోడ దాటితే అవుట్. ఇనపచట్టం మీద సాసేజీలు కాలుతున్నాయి. చాక్లెట్‌లో ముంచి కొబ్బరిపొడి దొర్లించిన కేకు ముక్కలు పళ్ళెంలో ఉన్నాయి. "మావాళ్ళందరికీ ఈ రోజంటే సంతోషం కాదు. తెల్లవాళ్ళు ఓడ దిగిన రోజు కదా, అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ళకి ఇది ఏడవాల్సిన రోజు. నేను మాత్రం మొరీన్ చేసినట్టు కేకులు చేసుకుంటాను" అని నెవిల్ చెప్పాడట. చెప్పాడట అనడం ఎందుకంటే, ధర్మారావుకి సగమే అందింది. మిగతాది కామేశ్వరే చెప్పింది. ఆయన మొదటి బంతికే అవుటయ్యాడు. కామేశ్వరి చీర కుచ్చిళ్ళు దోపుకుని బ్యాటు పట్టుకుంటే, నెవిల్ వంగి నెమ్మదిగా బంతి దొర్లించాడు. ఆవిడ కొట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ అంత గట్టిగా నవ్వడం తను ఎప్పుడు విన్నాడో ధర్మారావుకి గుర్తు రాలేదు. మూడు పేజీలూ జేబులోనే ఉండిపోయాయి.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం నెవిల్ తలుపు కొట్టాడు. కూతురు స్రవంతి అవనిని డాన్స్ క్లాసుకి తీసుకెళ్ళింది. అల్లుడు ఊళ్ళో లేడు. కామేశ్వరి నిద్రపోతోంది. తలుపు తీసింది ధర్మారావే.

నెవిల్ మొహం వెలిగిపోతోంది. చేతులు చాచి, గడ్డం కింద సంచీలా పట్టి చూపిస్తూ గబగబా చెప్పాడు. పక్క ఊరు గిల్బర్ట్‌లో చెరువు మీద పెలికాన్లు దిగాయి, రెండు రోజులకి మించి ఉండవు, రేపు ఆదివారం ఆరున్నరకి కారు తెస్తాను, కామ్‌ని సిద్ధంగా ఉండమను. 'కామ్' అట! విచిత్రం ఏమిటంటే, ఆరోజు ఒక్క ముక్క పోకుండా అంతా అర్థమైంది.

"ఐ విల్ టెల్ హర్" అన్నాడు ధర్మారావు.

చెప్పలేదు. చెప్పకూడదని అనుకున్నదీ లేదు. ఆవిడ లేచాక చెబుదామనుకున్నాడు. లేచాక, టీ తాగాక అనుకున్నాడు. టీ తాగుతూ ఆవిడ, "నెవిల్ ఏమన్నాడో తెలుసా" అంటూ నిన్నటి సంగతేదో మొదలుపెట్టింది. ఆయన నోరు మూసుకుపోయింది.

ఆదివారాలు వాళ్ళకి నడక సెలవు. మర్నాడు పొద్దున్న కామేశ్వరి వంటింట్లో మిక్సీలో దోసెల పిండి రుబ్బుతోంది. ఆ చప్పుడులో బయట కారు ఆగడం ఆవిడకి వినబడలేదు. ధర్మారావు కిటికీ తెర పక్కనుంచి చూశాడు. నెవిల్ హారను కొట్టలేదు. పన్నెండు నిమిషాలు కూర్చున్నాడు. ఒకసారి దిగి, వాకిలి దాకా వచ్చి, ఇల్లంతా నిద్రలో ఉందనుకున్నాడో ఏమో, వెనక్కి తిరిగాడు. కారు వీధి మలుపు తిరిగాక ధర్మారావుకి గెలిచినట్టు అనిపించింది. ఆ గెలుపు మొదటి దోసె తినేవరకే ఉంది.

సోమవారం కామేశ్వరి నడకనుంచి త్వరగా వచ్చేసింది. చెప్పులు విప్పి సోఫాలో కూర్చుంది. స్రవంతి ఆఫీసుకి బయల్దేరుతోంది, అవని బ్యాగు సర్దుకుంటోంది.

"శనివారం నెవిల్ వచ్చాడుట కదా."

"ఆఁ, వచ్చాడు."

"పదిహేడు గూడబాతులుట. ఫోటోలు చూపించాడు. నిన్న సాయంత్రమే లేచిపోయాయిట. 'నా తప్పే, నా యాస మీ ఆయనకి అర్థమై ఉండదు, చీటీ రాసివ్వాల్సింది' అని బాధపడుతున్నాడు." ఆవిడ తలెత్తింది. "మీకు అర్థం కాలేదా?"

నెవిలే దారి చూపించాడు. అవునంటే చాలు. కానీ ముప్ఫై నాలుగేళ్ళ లెక్చరరు, మనవరాలి ముందు, ఇంగ్లీషు అర్థం కాలేదని ఒప్పుకోవాలి. ధర్మారావు గొంతు సవరించుకుని, "అతని ఉచ్చారణ... సరిగ్గా అందలేదు" అన్నాడు.

"తాతయ్యకి ఇంగ్లీష్ రాలేదు!" అంటూ అవని పడీపడీ నవ్వింది. స్రవంతి, "ఇట్స్ ఓకే నాన్నా, ఆయన యాక్సెంట్ నాకే అర్థం కాదు" అంటూ అవనిని లాక్కెళ్ళింది. కామేశ్వరి నవ్వలేదు. కారు వెళ్ళిపోయేదాకా ఆగింది.

"అర్థం కాకపోతే నన్ను లేపేవారు. మీకు అర్థమైంది."

ఆయన నేల చూశాడు. "అయింది. చెప్పలేదు."

"ఎందుకు?"

ఏమని చెప్తాడు? నువ్వు నాతో అలా నవ్వవు అనా? ఆ మాటే చివరికి వేరే రూపంలో బయటికొచ్చింది. "నీకు పిట్టలంటే ఇంత ఇష్టమని నాకెప్పుడైనా చెప్పావా? వాడికి చెప్పావు."

కామేశ్వరి విప్పిన చెప్పులు తీసి గుమ్మం పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "మాది కొల్లేటి ఒడ్డు. మా పెరటి తుమ్మచెట్ల నిండా గూడబాతులే. పెళ్ళయిన ఏడాది అడిగాను, ఒకసారి చూసొద్దామని. 'బురదలో ఏముంది' అన్నారు. స్రవంతి పుట్టాక అడిగాను. మళ్ళీ అదే అన్నారు. నాన్న పోయినప్పుడు వెళ్తే ఎండాకాలం, ఒక్కటీ లేదు. తర్వాత అడగడం మానేశాను. చెప్పలేదంటారేం?"

ఆ వారమంతా ఆవిడ అన్నీ చేసింది. కాఫీ, టిఫిను, మందులు. మాట మాత్రం లేదు. ధర్మారావు ఇల్లంతా తిరిగాడు. ఆయన మాట్లాడితే వినేవాళ్ళు లేక, ఆ మాటలు ఆయనకే వినబడటం మొదలుపెట్టాయి. అవి అంత గొప్పగా లేవు.

శుక్రవారం రెండిళ్ళు దాటి వెళ్ళాడు. నెవిల్ గరాజులో కూర్చుని పాత రేడియో విప్పుతున్నాడు. ధర్మారావు నిలబడే, క్లాసులో చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి, తను విన్నదీ చెప్పనిదీ కిటికీలోంచి చూసినదీ, కారణమూ చెప్పాడు. 'జెలస్' అన్న మాట దగ్గర చెవులు వేడెక్కాయి.

నెవిల్ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. కోపం వచ్చిందనుకున్నాడు ధర్మారావు. అతను కుర్చీ లాగి వేశాడు. ఈసారి కావాలనే నెమ్మదిగా మాట్లాడాడు. మొరీన్ తొమ్మిదేళ్ళు ప్రతి గురువారం హాలుకి వెళ్ళి డాన్సు చేసేది. జోడీ ఒక పళ్ళడాక్టరు. నెవిల్‌కి డాన్సు రాదు. ఒకసారి ఆవిడ డాన్సు బూట్లు దాచేశాడు. "ఆవిడ చెప్పులు లేకుండానే వెళ్ళి చేసింది" అన్నాడు. "పోయాక ఆ డాక్టరు నాకంటే ఎక్కువ ఏడ్చాడు. అప్పుడు కూడా వాడంటే మండింది నాకు."

ధర్మారావు నవ్వాడు. నెవిల్ నవ్వలేదు. "నాకు కోపం లేదని కాదు" అన్నాడు. "పన్నెండు నిమిషాలు చూశాను. కామ్ ఆ పిట్టల్ని చూడాల్సింది."

మార్చినుంచి ముగ్గురూ వెళ్ళడం మొదలైంది. ధర్మారావు నోరు మూసుకోవడం నేర్చుకున్నాడు. కష్టమే అయింది. గూడబాతులు మళ్ళీ దిగలేదు.

ఏప్రిల్ ఇరవై ఐదు నెవిల్ వాళ్ళకి పెద్దరోజు. యుద్ధాల్లో పోయినవాళ్ళని తెల్లవారుజామున నిలబడి తలుచుకుంటారు. చాండ్లర్‌లో ఎవరికీ పట్టని ఆ రోజున, ఇంకా సూర్యుడు రాని వేళ, వాళ్ళ వెనకపెరట్లో ఆరుగురు నిలబడ్డారు. నెవిల్ కోటు వేసుకున్నాడు, దాని మీద జ్ఞాపకానికి గుర్తుగా రోజ్‌మేరీ రెమ్మ గుచ్చుకున్నాడు. వాళ్ళ తాతతోపాటు ఓడెక్కి తిరిగి రాని అదే ఊరి కుర్రాళ్ళ పేర్లు, పదకొండు, ఒక కాగితం మీద ఉన్నాయి. ఏటా ఐదో పేరు దగ్గర అతని గొంతు పోతుందట. కాగితం ధర్మారావుకి అందించాడు.

"నీ గొంతు బాగుంటుంది. చదువు."

ధర్మారావు చదివాడు. ప్రతి పేరుకీ ఆగి, హాజరు పిలిచినట్టు. పలికేవాళ్ళు లేని హాజరు. చివరి పేరయ్యాక తనకి తెలియకుండానే కాసేపు ఎదురుచూశాడు. కామేశ్వరి ఆయన వైపే చూస్తోంది.

తర్వాత ఓట్సూ కొబ్బరీ కలిపి చేసిన గట్టి బిస్కట్లు, టీ. కామేశ్వరి మొదటి కప్పు నెవిల్‌కి అందించింది. ధర్మారావు గుండెలో చిన్నగా కలుక్కుమంది. ఇంకా పోలేదన్నమాట, అనుకున్నాడు.

ఇంటికి నడుస్తుంటే ఆవిడ అంది. "డిసెంబరులో ఆయన మన దేశం వస్తాడుట. కొల్లేరు చూపిస్తానన్నాను. పడవ కట్టించాలి."

"కట్టిద్దాం" అన్నాడు వెంటనే. నాలుగడుగులు వేశాక ఆగాడు. "పడవలో నీ పక్కన నేను కూర్చుంటాను. అతను ఎదురుగా."

కామేశ్వరి ఆయన్ని ఎగాదిగా చూసింది. "మాట్లాడకుండా కూర్చుంటే" అని, తాళంచెవి కోసం కొంగుముడి విప్పుకుంది.